దండు నడచిన దారిలో యాత్ర

తిక్కన సోమయాజి తెనిగించిన ఆశ్రమవాస పర్వము భారతమున మిక్కిలి చిన్నది. పురాణకాలక్షేపమున దానిని వినగోరువారును తక్కువే. వానలు కురియవలెనని విరాటపర్వము చదివింతురు. శ్రీకృష్ణ రాయబారమునాటికి ఊరంతయు గుమిగూడును. కర్ణుడు కూలినంతనే సగము జనము లేచిపోవుదురు. యుద్ధము ముగిసిన పదునైదేండ్లకు ఏమి జరిగెనని అడుగువారెవ్వరు? ఆ పర్వములో నున్నది అదియే. ముసలి ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవికి పోయియుందురు. వారిని చూచుటకై పాండవులు పరివారముతో తరలిపోవుదురు. గంగ యొడ్డున వ్యాసుడు ఒక్క రాత్రికి చచ్చినవారినందరిని నీటిలోనుండి రప్పించును. దుర్యోధనుడు వచ్చును, కర్ణుడు వచ్చును, అభిమన్యుడు వచ్చును. ఎవ్వరికిని ఎవ్వరిమీదను పగ లేదు. తెల్లవారకముందే వచ్చినవారందరును మరల నీటిలో కలిసిపోవుదురు.

చంపినవాడు తాను చంపినవారిని మరల చూడబోవుట యెందుకు? ఈ ప్రశ్న భారతముతో తీరలేదు. కత్తి పట్టి ఒక దేశమునకు పోయినవాడు, ఏండ్లు గడచిన పిదప, ఆ దేశమునకే బాటసారియై మరలి పోవుట లోకములో పలుచోట్ల జరిగినది. తెలుగునేలమీదను జరిగినది.

తెలుగునాట దీనిని ఏటేటి పండుగగా చేసికొను ఊరొకటి కలదు. పల్నాటిలో నాగులేటి యొడ్డుననున్న కారెంపూడి. 1182 ప్రాంతమున మాచెర్ల గురజాల దాయాదులు అచ్చట పోరి నశించిరి. నాటినుండి కార్తీకమాసపు అమావాస్యతో మొదలుపెట్టి అయిదు దినములు ఆ ఊరు యుద్ధమును మరల జరుపును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల వంశమువారమని చెప్పుకొనువారు దూరదూరపు ఊళ్ళనుండి తమ యింట పూజలందుకొనుచున్న కొణతములను భుజములమీద మోసికొని వత్తురు. వారికి అది తిరునాళ్ళ కాదు, తద్దినము. నలగాముని పక్షమున మంత్రాంగము నడపిన నాయకురాలు నాగమ్మ, గోదావరి ఆవలియొడ్డుననున్న పాత కరీంనగరు జిల్లా ఆర్వెల్లి ఆడపడుచని జనశ్రుతి. కావున జైపూరువారికి ఆ కథ పరాయిది కాదు.

అయితే కారెంపూడికి వచ్చువారు ఆ నేల బిడ్డలు. పరదేశమునుండి జీతమునకు వచ్చి యుద్ధము చేసినవాని సంగతి వేరు. ఆతనికి ఇచ్చట తాతలు లేరు, గుడులు లేవు. ఆతడు మరలి వచ్చినచో దేనికి వచ్చినట్లు? కుంపిణీ, నిజాము దండులలో పనిచేసిన ముగ్గురు దొరల చరిత్ర ఈ ప్రశ్నకు మూడు విధములైన సమాధానములు చెప్పుచున్నది. ముగ్గురికిని నిజాము రాజ్యముతో సంబంధమున్నది.

మొదట ఒక్క సంగతి చెప్పుకొనవలెను. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలి టిప్పు సుల్తాను మరణించినప్పుడు, కోట ముందున్నది ఒక్క కుంపిణీ సైన్యము కాదు. మీరాలము వెంట హైదరాబాదునుండి తరలిన నిజాము దండును అచ్చట నున్నది. గెలుపులో నిజామునకు వచ్చిన పాలు గుత్తి, గుఱ్ఱముకొండ మొదలగు సీమలు. ఆ పాలు చేతిలో నిలిచినది ఏడాది మాత్రమే. తన రక్షణకై ఉంచుకొన్న కుంపిణీ పటాలముల జీతములక్రింద 1800 అక్టోబరు 12నాటి సంధితో నిజాము వానిని కుంపిణీకే యిచ్చివేసెను. బళ్ళారి, అనంతపురము, కడప సీమలకు దత్తమండలములను పేరు అట్లు వచ్చినది. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నది కుంపిణీ, అడుగనివారు ఆ సీమలోని రైతులు.

ఆ దండులలో కాలిన్ మెకంజీ అను ఇంజనీరు ఉండెను. 1754లో స్కాట్లండునకు వాయవ్యమున నున్న లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో మద్రాసునకు వచ్చినవాడు. 1792నాటి ముట్టడిలోను, 1799నాటి ముట్టడిలోను శ్రీరంగపట్టణముముందు పనిచేసినవాడు. ఆ నడుమ నిజాము రాజ్యమున సర్వే చేసినవాడు. కోట కూలిన తరువాత తాను కొల్లగొట్టుటకు సాయపడిన మైసూరు దేశముమీదికే 1800లో మరల బయలుదేరెను. ఈసారి చేత ఫిరంగి లేదు. గొలుసు, కోణమాని ఉన్నవి. ఇంచుమించు 40,000 చదరపు మైళ్ళ నేలను ఆ పరివారము కొలిచెను.

కొలుచుటతో ఊరకుండినచో ఆతని పేరు నేడెవ్వరును తలపకపోదురు. ఊరూరను నిలిచి, ఈ ఊరు ఎవరు కట్టించిరి, ఈ గుడికి మాన్యమెవరిచ్చిరి, ఏ రాజు తరువాత ఏ రాజు ఏలెను అని అడిగించెను. అడిగినది ఆతడు కాదు. ఏలూరువారైన కావలి వెంకట బొర్రయ్య, ఆతని తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1796లో మెకంజీ కొలువున చేరెను. హళగన్నడపు శాసనములను చదువ నేర్చెను. 1803లో చిన్నవయస్సుననే చనిపోయెను. భారతవిద్యల వాకిట తనను మొదట నిలిపినవాడు బొర్రయ్యయేయని మెకంజీ దాచుకొనక చెప్పుకొనెను. ఆ కాలపు దొరలలో ఇది సామాన్యమైన గుణము కాదు.

వారు అడుగగా చెప్పినవారెవ్వరు? గ్రామ కరణములు. తరతరములుగా ఇంట మూలపెట్టెలో దాచుకొన్న కవిలెకట్టలను, కన్నడసీమలో నైనచో కడితములను, విప్పి చూపించినవారు వారే. విప్పుటకు వెనుకాడినవారును లేకపోలేదు. గొలుసు పట్టి వచ్చినవానికి చరిత్ర చెప్పుట యనగా మాన్యముల లెక్క చెప్పుట గదా! ఈనాడు చెప్పినది రేపు పన్నుగా తిరిగి రాదని హామీ యేది? ఆ భయము వట్టిది కాదు. అయినను చెప్పిరి. ఆ చెప్పినదే కైఫీయతులు. మెకంజీ 1821 మే 8న కలకత్తాకు సమీపమున చనిపోవునాటికి అట్టి గ్రామచరిత్రలు 2,070, శాసనముల నకళ్ళు 8,076, నాణెములు 6,218 పోగుపడెను. సర్కారు వానినన్నిటిని ఆతని భార్యయొద్ద లక్ష రూపాయలకు కొనెను. ఈ పనిని తాను ముందునకు సాగింతునని లక్ష్మయ్య కోరగా, ఆతనికి అంతటి విమర్శనాశక్తి లేదని కలకత్తా పండితసభవారు త్రోసిపుచ్చిరి. పాతిక సంవత్సరములు ఆ పని చేసినవాని యోగ్యతను, ఆ పని చేయనివారు కొలిచిరి! తరువాత బ్రౌను దొర ఆ కాగితములను పురుగుల పాలు కాకుండ తిరుగ వ్రాయించి కాపాడెను.

నిజాము రాజ్యమునకు ఇంకను దగ్గరివాడు ఫిలిప్ మెడోస్ టైలర్. 1824లో బాలుడుగా నిజాము సైన్యమున చేరెను. 1840వ దశకమున, నేడు కర్ణాటకములోని యాదగిరి జిల్లాలో నున్న సురపురము బేడరు సంస్థానమునకు, రాజు వెంకటప్ప నాయకుడు పసివాడుగా నున్నప్పుడు, పాలన చూచుటకై పంపబడెను. పిల్లవాడు ఆతనిని అప్పా యని పిలుచుచుండెను. ఆ పిల్లవాడే పెద్దవాడై 1858లో తెల్లదొరలమీద తిరుగబడి ఓడి, సికింద్రాబాదు చెరసాలలో పడెను. టైలరు ఆతనిని చెరలో చూచెను. మరణశిక్ష తగ్గి కొలది సంవత్సరముల ఖైదుగా మారినది. కాని చెంగల్పట్టు కోటకు తీసికొనిపోవు దారిలోనే వెంకటప్ప నాయకుడు తుపాకితో కాల్చుకొని మరణించెను. 1860లో టైలరు స్వదేశమునకు పోయెను. పదునైదేండ్ల పిమ్మట, 1875లో, సాలారుజంగు ఆహ్వానముపై, కేవలము అతిథిగా హైదరాబాదునకు మరల వచ్చెను. కొలువు లేదు, కత్తి లేదు, చూపు కూడ మందగించుచుండెను. ఇచ్చట జ్వరము తగిలి, తిరుగుదారిలో ఫ్రాన్సు తీరమున మెంటన్ అను పట్టణమున 1876 మేలో చనిపోయెను. చూడవలెనని వచ్చిన దేశమును ఆతడు కన్నులార చూడనేలేదు.

ఇక మూడవవాడు తామస్ మన్రో. ముగ్గురిలో ఈతని సంగతియే విస్తారముగా చెప్పదగినది. ఏలయనగా ఈతడు మరలి వచ్చుటవలన రైతు పన్ను మారినది.

గ్లాస్గో పట్టణమున 1761లో పుట్టి, 1780 జనవరిలో పదాతిదళపు కుర్రసిపాయిగా మద్రాసులో దిగెను. ఎనిమిది నెలలు తిరుగకముందే కుంపిణీవారి ఘోరపరాజయమును కన్నులార చూచెను. ఆ సెప్టెంబరు 10న పొల్లిలూరువద్ద హైదరాలి దండు బెయిలీ దొర పటాలమును చిత్తుచేయుచుండగా, మన్రో యున్న పెద్దసేన కొలది మైళ్ళ దూరమున కంచిలో నిలిచిపోయెను. మరునాడు ఫిరంగులను చెరువులో త్రోసి వెనుదిరిగెను. అటుపిమ్మట నాలుగేండ్లు ఆ యుద్ధములోను, 1790 నుండి 1792 దాక టిప్పుతో జరిగిన యుద్ధములోను పనిచేసెను. కర్ణాటకమున దండులు నడచిన దారిలో ఊళ్ళు ఎట్లు కాలునో, చెరువుగట్లు ఎట్లు తెగునో, కరవు ఎట్లు వెంటవచ్చునో ఆతనికి పుస్తకములవలన తెలిసినది కాదు.

1800లో ఆతడు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను. ఏడేండ్లుండెను. ఎక్కువకాలము డేరాలోనే కాపురము. ఊరి బయట చింతచెట్టుక్రింద డేరా వేసికొని రైతులతో మాటలాడుట ఆతని వాడుక. 1802 మొదలు ప్రతి చేనును గొలుసుతో కొలిపించెను. రైతు పేర పట్టా, చేనుకు శిస్తు, నడుమ జమీందారు లేడు: ఇదియే రైతువారీ. (నిజాము రాజ్యమున సాలారుజంగు 1870వ దశకమున పెట్టిన పైమాషీ, బందోబస్తులు బొంబాయి వారి రైతువారీని చూచి చేసినవి. కావున తెలంగాణపు సేత్వారునకును పహాణీకిని ఇది దూరపు చుట్టమే.) కరణములను మన్రో తేలికగా నమ్మలేదు. ఒక ఊరి లెక్కను ప్రక్క ఊరి కరణముచేత తనిఖీ చేయించుచుండెను. నమ్మకపోవుటకు కారణములు లేకపోలేదని ఒప్పుకొనక తప్పదు. పన్ను హెచ్చుగా నున్నచోట లెక్క సన్నగిల్లుట లోకసహజము.

ఆతని చేతిలో నష్టపడినవారు పాళెగాండ్రు. ఆ సీమలో వారు ఎనుబదిమందివరకు ఉండిరి. విజయనగర కాలమునుండి గుట్టలమీద బురుజులు కట్టుకొని, ఊళ్ళ కావలి కాచుచు, అదనుదొరికినచో ఊళ్ళనే దోచుచు బ్రతికినవారు. వారి సైన్యములను చెదరగొట్టి, బురుజులను పడగొట్టించి, కొందరిని వెళ్ళగొట్టి, కొందరికి నెలకింతయని బత్తెము కట్టిపెట్టెను. రైతు ఊపిరి పీల్చుకొనెననుట నిజము. ఆ బత్తెముల అవమానము రెండుతరములు రగిలెననుటయు నిజము. నొస్సము పాళెగాండ్ర సంబంధీకుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి చివరకు వచ్చుచుండినది నెలకు 11 రూపాయల చిల్లర. 1846లో ఆతడు తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లవద్ద ఉరితీయబడెను. మన్రో అప్పటికి చనిపోయి ఇరువదేండ్లు. అయినను ఆ ఉరికొయ్యకు మొదటి మేకు 1800 తరువాతనే కొట్టబడినది.

తాను కట్టిన శిస్తు భారమైనదని మన్రోకే తెలియును. 1807లో సీమ విడిచి ఇంగ్లండునకు పోవుటకు ముందు, మెట్టకు మాగాణికి నాల్గవవంతు, తోటలకు మూడవవంతు తగ్గింపవలెనని వ్రాసిపెట్టెను. రెవెన్యూ బోర్డువారు వినలేదు. సరికదా, రైతువారీనే తీసివేసి ఊళ్ళను మూడేండ్లకు, అటుపైని పదేండ్లకు ఇజారాకిచ్చిరి. ఇజారాదారులు చాలచోట్ల దివాళాయెత్తిరి, రైతులు చెడిరి. కలెక్టరు మాటకు విలువ లేని చోట, సిపాయి మాటకు ఉండునా?

అయితే ఈ సిపాయి మరలి వచ్చెను. 1814లో న్యాయవిచారణ సంఘమునకు పెద్దగా వచ్చెను. 1817, 1818లలో మరాఠా యుద్ధమున మరల కత్తిపట్టెను. 1820లో మద్రాసు గవర్నరాయెను. గవర్నరు కాగానే పదమూడేండ్లక్రితము తాను వ్రాసిపెట్టిన కాగితమును బయటకు తీయించి, ఆ తగ్గింపును అమలు జరిపించెను. రైతువారీని మరల నిలిపెను. తన లెక్కలోని తప్పును తానే దిద్దుకొనుట ఎట్టివానికైనను కష్టము. అధికారమున నున్నవానికి మరియు కష్టము. ఒకచోట వేసిన మొత్తమును కొట్టివేసి ప్రక్కన చేవ్రాలు పెట్టవలసివచ్చిన ప్రతి లెక్కలవానికి ఇది తెలియును. 1822లో రాజధానియందలి ఊరిబడులెన్నియని కలెక్టర్లను అడిగించినవాడును ఈతడే. 12,498 బడులు, వానిలో చదువుకొనువారు 1,88,650 మంది అని లెక్క తేలెను. గ్రంథాలయమునకు వచ్చువారు ఈ అంకెలను గుర్తుంచుకొనవచ్చును. ఇవి దొరలు పెట్టిన బడులు కావు, ఊళ్ళవారు గింజలిచ్చి నడుపుకొన్న బడులు.

ఇచ్చట ఒక మాట. మెకంజీ, టైలరు, మన్రో మరలి వచ్చిరని వ్రాయుటకు కాగితమున్నది. వారి క్రింద నడచిన సిపాయిల సంగతి యేమి? కుంపిణీవారు మొదటినాళ్ళలో తెలుగుదేశమునుండి సిపాయిలను ఎత్తుకొనిపోయినందున, ఉత్తరదేశమున సిపాయికే తిలంగా యను పేరు వచ్చినది. మద్రాసు పటాలములు 1824లో బర్మాయుద్ధమునకు ఓడలెక్కినవి. మొదటి ప్రపంచయుద్ధమున, రెండవ ప్రపంచయుద్ధమున తెలుగువారు సముద్రములు దాటిరి. పశ్చిమగోదావరిలో ఇంటింట సిపాయి యున్నందున మిలిటరీ మాధవరమని పిలువబడు ఊరే కలదు. రంగూనునకు ఉత్తరమున టౌక్యాన్ అనుచోట, సమాధికూడ దొరకని 27,000 మంది పేర్లు రాతిస్తంభములమీద చెక్కబడియున్నవి. వానిలో ఎక్కువ భాగము ఈ దేశపు పేర్లే. బ్రతికి వచ్చినవారిలో తాము పోరాడిన ఆ అడవులను మరల చూచివచ్చిన సిపాయి యెవ్వడు? టిక్కెట్టునకు సొమ్ము లేదు, సెలవు లేదు, పిలిచినవారు లేరు. బొగ్గుబావిలో ముప్పదేండ్లు దిగి విరమణ పొందినవాడు సాయంకాలము గేటువరకు నడచిపోయి, పాలీ మారుట చూచి మరలివచ్చుట ఈ ప్రాంతమున అందరు ఎరిగినదే. సిపాయికి ఆ గేటు వేయిమైళ్ళ దూరమున నున్నది.

ఇరువదవ శతాబ్దమున ఈ యాత్ర సామాన్యులకును కొంత అందుబాటులోనికి వచ్చినది. 1928 ఆగస్టులో పదివేలకు మించిన ఇంగ్లీషువారు, మాజీ సైనికులును చనిపోయినవారి తల్లులు భార్యలును, ఫ్రాన్సు బెల్జియము రణరంగములకు ఒక్కసారి యాత్ర పోయిరి. ఇంఫాలునకు దగ్గరి ఎఱ్ఱగుట్టవద్ద జపానువారు 1994లో తమ మృతులకై శాంతిచిహ్నము నిలిపిరి. అన్నిటిలో తెలిసికొనదగినది వియత్నాము సంగతి. 1967, 68లలో అచ్చట పనిచేసిన చక్ సీర్సీ అను అమెరికా సైనికుడు 1992లో దేశము చూచుటకని మరల పోయెను. మూడేండ్లకు అచ్చటనే నిలిచిపోయెను. యుద్ధము ముగిసి దశాబ్దములు గడచినను క్వాంగ్ ట్రీ అను రాష్ట్రములో రైతు నాగలి వేయగా బాంబులు పేలుచుండెను. వానిని వెదకి తీయుటకును, ఎట్టి వస్తువు ముట్టరాదో పిల్లలకు నేర్పుటకును 2001లో ప్రాజెక్ట్ రిన్యూ అను ప్రయత్నము మొదలయినది. దానిని మొదలిడినవారిలో సీర్సీ ఒకడు. తన దేశము చల్లిన విత్తనములను ఏరుటకు మరలిపోయినట్లయినది.

మన్రో కడపటి ప్రయాణమునకు వచ్చెదము. 1827నాటికి ఆతనికి అరువదియారేండ్లు. ఉద్యోగమునుండి విడుదల కోరి రెండేండ్లయినది. తన స్థానమున వచ్చువాడును నియమింపబడెను. రోగియైన చిన్నకుమారుని తీసికొని భార్య ముందు సంవత్సరమే ఇంగ్లండునకు పోయెను. ఆతడును ఓడ యెక్కవలసినదే. ఎక్కక, మే నెల చివర, దత్తమండలములను ఒకమారు చూచి వచ్చెదనని బయలుదేరెను. పన్ను వసూలునకు కాదు, తిరుగుబాటు అణచుటకు కాదు. ఇరువది యేడేండ్లక్రితము డేరా వేసికొన్న చింతచెట్లను, అప్పటి రైతులలో బ్రతికియున్నవారిని చూచుటకే. వేసవి ముగింపు, సీమలో వాంతిభేది వ్యాపించియుండెను. వలదన్నవారును ఉండిరి.

ఈ ప్రయాణమునుగూర్చి కడపసీమలో ఒక కథ చెప్పుదురు. పాపఘ్ని నది కొండలు చీల్చుకొని పోవు గండివద్ద, రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టియున్నట్లు మన్రోకు కనిపించెనట. అది ఏమని ఆతడు అడుగగా, వెంటనున్నవారికి ఏమియు కనిపించలేదట. పూర్వము రాములవారికై కట్టిన ఆ తోరణము పుణ్యాత్మునికి, అదియు అవసానకాలము దగ్గరపడినవానికి మాత్రమే కనిపించునని అచ్చటివారి నమ్మకము. కథను చరిత్రయని చెప్పరాదు. కాని పరదేశపు సిపాయికి రాముని తోరణము చూపించిన ఊరివారి మనస్సు మాత్రము చరిత్రయే. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకొన్నదియు వారే. అదే సీమలో నరసింహారెడ్డిమీద పాటలు కట్టి పాడుకొన్నదియు వారే. ఒకే నోట రెండును ఎట్లు పలుకుదురని విద్వాంసులు ఆశ్చర్యపడుదురు. పన్ను తగ్గించినవానిని తలచుకొనుటలోను, ఉరికెక్కినవానికై ఏడ్చుటలోను ఊరివారికి వైరుధ్యము కనిపించలేదు.

జూలై 4న మన్రో పరివారము గుత్తిలో నుండగా దండులో వాంతిభేది సోకెను. 6వ తేదీ ఉదయము గుత్తినుండి పత్తికొండకు తరలిరి. ఆ దారి ప్రక్కన, గుత్తికి ఎనిమిది మైళ్ళ దూరమున, ఎఱ్ఱగుడి యను ఊరు కలదు. అచ్చటి గుట్ట బండలమీద అశోకచక్రవర్తి శాసనములున్నవి. కళింగయుద్ధమున లక్షమందిని చంపించి, లక్షన్నరమందిని చెరపట్టించి, ఆ పాపమునకు తాను కుములుచున్నానని అశోకుడు చెప్పుకొన్న పదమూడవ శాసనమును అచ్చట కలదు. విచిత్రమేమనగా, ఏ కళింగమున ఆ యుద్ధము జరిగినదో ఆ కళింగములోని ధౌళి, జౌగడ బండలమీద ఆ శాసనమును అశోకుడు చెక్కించలేదు. దానికి బదులు, ప్రజలందరును నా బిడ్డలని చెప్పు వేరు శాసనములను పెట్టించెను. చంపబడినవారి యింటిముంగిట నిలిచి నేను చంపితినని చెప్పుటకు చక్రవర్తికిని నోరాడలేదు కాబోలు! దూరమున, గుత్తిదారిలో, సిగ్గులేకుండ చెప్పుకొనగలిగెను.

మన్రో గుఱ్ఱము ఆ బండల ప్రక్కగా పోయిన దినమున ఆ అక్షరములను చదువగలవాడు భూమిమీద ఒక్కడును లేడు. బ్రాహ్మీలిపిని ప్రిన్సెప్పు చదివినది 1837లో, పదేండ్ల తరువాత. ఎఱ్ఱగుడి బండలు పండితుల కంటబడినది 1929 ప్రాంతమున, అదియు ఒక భూగర్భశాస్త్రజ్ఞునివలన. రాళ్ళకొరకు వచ్చినవానికి రాత దొరకినది.

పత్తికొండ చేరిన కొలది గంటలకే మన్రోకు వాంతులు పట్టుకొనెను. దగ్గరనున్నవారిని, మీకు అంటునేమో దూరముగా పొండని చెప్పుచుండెనట. ఆ రాత్రియే ప్రాణము పోయెను. మరునాడు గుత్తికి తీసికొనివచ్చి కోట క్రింద పాతిపెట్టిరి. 1831లో ఆ అస్థులను తీయించి మద్రాసు కోటలోని సెంట్ మేరీ ఆలయమునకు చేర్చిరి. చాంట్రీ యను శిల్పి పోతపోసిన గుఱ్ఱపు విగ్రహము 1839లో మద్రాసున నిలిచెను. ఆ గుఱ్ఱమునకు జీను, రికాబులు లేవని చూచువారు నేటికిని చెప్పుకొందురు. గుత్తిలో ఆతని పేర ఒక సత్రము కట్టించిరి. పత్తికొండలో, ప్రాణము పోయినచోట, బాటసారులకు నీరు, నీడ యుండవలెనని సర్కారువారు రాతిమెట్ల బావి త్రవ్వించి, చుట్టును తోపు నాటించిరి.